లేచి నిలబడి కాదన్నారు



2023 జూన్ నెలలో ఒక ఇంటర్వ్యూకి వెళ్ళాను. అకౌంట్స్ మేనేజరు ఉద్యోగం. అప్పటికి నాకు 50 నిండాయి. గదిలో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఉన్నారు. అతనికి ముప్ఫై ఉంటాయేమో, ఆ అమ్మాయికి ఇంకా తక్కువే. నేను లోపల అడుగుపెట్టగానే ఇద్దరూ లేచి నిలబడ్డారు. కుర్చీ జరిపి కూర్చోమన్నారు. మంచినీళ్ళిచ్చారు, వెనకే టీ వచ్చింది. నా కాగితాలు అటూ ఇటూ తిప్పుతూ పది నిమిషాలు మాట్లాడారు. పని గురించి అడిగినవి రెండే ప్రశ్నలు. ఆ తర్వాత అతను ఎంతో మర్యాదగా, "మీ అనుభవం ముందు మేమెంత సార్! ఈ సీటు మీ స్థాయికి సరిపోదు. అయినా ఈ వయసులో మీకెందుకు సార్ ఈ టెన్షన్లు? హాయిగా రెస్టు తీసుకోక" అన్నాడు. లిఫ్టు దాకా వచ్చి సాగనంపాడు. బటన్ కూడా తనే నొక్కాడు.

లిఫ్టు తలుపులు మూసుకున్నాక గానీ నాకు తెలిసిరాలేదు, నన్ను కాదన్నారని.

ఇవాళ నేను మాట్లాడదలుచుకున్నది ఆ మర్యాద గురించి. ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకి వయసు అడ్డం రావడం ప్రపంచమంతా ఉన్నదే. మన దగ్గర అది వచ్చే దారి వేరు. నీ పని అయిపోయింది, పనికిరావు అని ఎవరూ ముఖాన అనరు. పెద్దవాళ్ళు వస్తే లేచి నిలబడాలని పిల్లలకి నేర్పే నేల మనది. అందుకని "పెద్దవారు" అంటారు, "మీకెందుకండీ శ్రమ" అంటారు. తిట్టి పంపితే కోపమన్నా వస్తుంది, ఆ కోపంతో ఇంకో గుమ్మం ఎక్కుతాం. దణ్ణం పెట్టి పంపితే కోపం ఎవరి మీద తెచ్చుకోవాలి? తిరిగి తిరిగి అది మన మీదికే వస్తుంది. నిజమే కాబోలు, మనకి రోజులు అయిపోయాయి కాబోలు అనిపిస్తుంది. నాకు అలాగే అనిపించింది. ఉద్యోగం పోవడం కన్నా అలా అనిపించడమే నాకు ఎక్కువ నష్టం చేసింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. బాలానగర్‌లో పంపుల విడిభాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో 23 ఏళ్ళు లెక్కలు చూశాను. ఓనరు గారికి వయసు మీద పడింది, పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డారు. కంపెనీని పుణెవాళ్ళకి అమ్మేశారు. మిషన్లు ఇక్కడే ఉండిపోయాయి, లెక్కలు మాత్రం పుణెకి వెళ్ళిపోయాయి. 2023 మార్చి 31 నా ఆఖరి రోజు. ఇవ్వాల్సిన డబ్బు పైసాతో సహా ఇచ్చారు, శాలువా కప్పారు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

చేతికి అలవాటైన పని కాబట్టి, ఎక్కడెక్కడికి దరఖాస్తు పంపానో ఒక నోట్‌బుక్కులో రాసుకుంటూ వచ్చాను. ఆరు నెలల్లో 140 పైచిలుకు. పిలుపు వచ్చినవి తొమ్మిది. ఆ తొమ్మిదింట్లోనూ ఎక్కడా "వయసు" అన్న మాట రాలేదు. "ఓవర్ క్వాలిఫైడ్" అన్నారు. "మా టీమ్ అంతా యంగ్ సార్" అన్నారు. ఒకచోట రిసెప్షన్లో అమ్మాయి, నేను ఎవరినో దింపడానికి వచ్చాననుకుని, "అంకుల్, క్యాండిడేట్ ఎక్కడున్నారు?" అని అడిగింది. ఆ పిల్ల కల్మషం లేకుండా అడిగింది. క్యాండిడేట్ నేనేనమ్మా అని చెప్పడానికి నాకు గొంతు పెగల్లేదు.

మొదట్లో ఉద్యోగం పోయిన సంగతి అపార్టుమెంటులో ఎవరికీ తెలియకూడదనుకున్నాను. రోజూ తొమ్మిదింటికల్లా లంచ్ బాక్సు పట్టుకుని బయటపడేవాణ్ణి. వెళ్ళేది చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీకి. అలా పదకొండు రోజులు వెళ్ళాను. అక్కడ గ్రూప్స్‌కి చదివే పిల్లలు వందల మంది. చెట్ల కింద, మెట్ల మీద, ఎక్కడ జాగా దొరికితే అక్కడ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటారు. నా పక్కన రోజూ ఒకతను కూర్చునేవాడు. 43 ఏళ్ళు. ఇద్దరు పిల్లలు. "ఇంకొక్క ఏడాది సార్, తర్వాత రాయనివ్వరు" అన్నాడు. తెలంగాణలో యూనిఫాం ఉద్యోగాలు కాని వాటికి గరిష్ఠ వయసు మొదట 34 ఉండేది. 2022లో దాన్ని 44 చేశారు. 2024లో 46 చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో అప్పట్లో 42. అతని బాధ చిన్నదేం కాదు. అయినా ఒక్క విషయంలో నాకు అతని మీద అసూయ కలిగింది. అతని ముందున్న గీత జీవోలో రాసి ఉంది, అందరికీ కనిపిస్తుంది. దాని మీద ధర్నా చేయొచ్చు, అర్జీ పెట్టొచ్చు, అలా చేస్తేనే కదా 34 కాస్తా 46 అయింది. ప్రైవేటులో గీత ఎక్కడుందో ఎవరూ చూపించరు. తగిలాకే తెలుస్తుంది.

అక్కడ కూర్చుని ఉండగా ఒక మధ్యాహ్నం మా పెదనాన్న గుర్తొచ్చాడు.

నల్లగొండలో పంచాయతీరాజ్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేసేవాడు. 1983లో నాకు పదేళ్ళు. ఆ ఏడాది మొదట్లో కొత్త ప్రభుత్వం వచ్చింది. వచ్చిన నెల రోజుల్లోపే ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కి తగ్గించింది. కుర్రవాళ్ళకి ఉద్యోగాలివ్వాలన్నది కారణం. 55 దాటి 58 నిండనివాళ్ళు వేలమంది ఫిబ్రవరి 28న ఒక్కసారే ఇళ్ళకి వెళ్ళిపోయారు. పెదనాన్నకి 56. సాయంత్రం మెడలో దండతో సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు, ఎక్కలేదు. మా పెద్దమ్మ "అదేమిటి, నడిచొచ్చారా?" అంటే మాట్లాడలేదు. నెల తిరక్కుండా ఒక రైస్ మిల్లులో లెక్కలు రాయడానికి కుదిరాడు. 68 ఏళ్ళ దాకా రాశాడు. ఆ మిల్లు యజమాని ఏనాడూ ఆయన వయసు అడగలేదు.

ఆ 55ని తర్వాత మళ్ళీ 58 చేశారు. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60 అయింది, 2022 జనవరి నుంచి 62. తెలంగాణలో 2021లో 61 అయింది. నల్లగొండలో అదే ఆఫీసు, అదే కుర్చీ, అవే ఫైళ్ళు. 1983లో 55 ఏళ్ళవాడు ఆ ఫైలు మోయొద్దన్నారు, ఇవాళ 61 దాకా మోయగలడంటున్నారు. మధ్యలో మనిషి ఒళ్ళు మారలేదు, జీవో మారింది. మనిషి ఎన్నేళ్ళకి పనికిరాకుండా పోతాడన్నది డాక్టరు చెప్పే మాట కాదని నాకు ఆ లైబ్రరీలో అర్థమైంది. ఎవరి అవసరాన్ని బట్టో, ఎవరి ఖర్చుని బట్టో ఎవరో ఒక అంకె వేస్తారు. ఆ అంకెని నేను నా గుండెల్లో రాసుకోవాల్సిన పని లేదు. పన్నెండో రోజు నుంచి లైబ్రరీకి వెళ్ళడం మానేశాను. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో నేనే పెట్టాను, ఫలానా పని వచ్చు, ఉద్యోగం వెతుక్కుంటున్నాను, మీ ఎరికలో ఏమన్నా ఉంటే చెప్పండని.

చట్టం ఏమంటుందని కొందరు అడుగుతారు. మన రాజ్యాంగంలో 15, 16 అధికరణాలు మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, ఇలాంటి వాటిని బట్టి వివక్ష చూపకూడదంటాయి. ఆ వరసలో వయసు లేదు. ఉద్యోగాల విషయంలో అవి ప్రభుత్వానికి వర్తించేవి, ప్రైవేటు యజమానికి కాదు. ప్రైవేటు ఉద్యోగాల్లో వయసు వివక్ష కూడదని చెప్పే ప్రత్యేక చట్టం మనకి లేదు. అమెరికాలో 1967లోనే చేశారు. 40 దాటినవాళ్ళకి అది రక్షణ. ఇంత వయసులోపు వాళ్ళే కావాలని ప్రకటనలో వేయడం అక్కడ తప్పు. డాలస్‌లో ఉన్న మన తెలుగు ఇంజినీరుకి 45 ఏళ్ళప్పుడు ఆ చట్టం అండ ఉంటుంది. అదే కంపెనీ హైదరాబాదు ఆఫీసులో కూర్చున్న అతని తమ్ముడికి ఉండదు. చట్టం ఉన్నంత మాత్రాన అక్కడ వివక్ష పోయిందని నేను అనను. కానీ తప్పు అని ఒక మాట పుస్తకంలో ఉంటే, దెబ్బ తిన్నవాడు అది తన లోపం అనుకోడు. మనకీ అలాంటి చట్టం కావాలి. అడగాలి.

ఆడవాళ్ళకి ఈ గీత ఇంకా ముందే పడుతుంది. ఎయిర్ ఇండియాలో ఒకప్పుడు ఎయిర్ హోస్టెస్‌లకి 35 ఏళ్ళకే రిటైర్మెంటు. పొడిగించడం, పొడిగించకపోవడం మేనేజ్‌మెంటు ఇష్టం. అదే విమానంలో పనిచేసే మగవాళ్ళకి 58. ఎయిర్ హోస్టెస్‌లు కోర్టుకి వెళితే, మొదటిసారి గర్భం రాగానే ఉద్యోగం తీసేసే నిబంధనని 1981లో సుప్రీంకోర్టు కొట్టేసింది గానీ, 35 అన్న అంకెని మాత్రం తప్పనలేదు. మా పక్క ఫ్లాటులో ఒకావిడ ఉంది. 43 ఏళ్ళు, లెక్కల టీచరు. పిల్లల కోసం పన్నెండేళ్ళు మానేసి మళ్ళీ బడికి వెళదామనుకుంటే, "ఫ్రెష్‌గా ఉండేవాళ్ళని చూస్తున్నాం మేడమ్" అన్నారట. ఆ పన్నెండేళ్ళూ ఆవిడ తన ఇంట్లో పిల్లలకి ట్యూషన్ చెబుతూనే ఉంది. ఆ సంగతి దరఖాస్తులో రాయలేదు. అది పని కాదనుకుంది. నేను, నా భార్యా కూర్చోబెట్టి రాయించాం.

ఇప్పుడు నా వైపు తప్పులు కూడా చెప్పాలి. లేకపోతే సగమే చెప్పినవాణ్ణవుతాను.

నాలుగో ఇంటర్వ్యూలో ఒక మేనేజరు, పాతికేళ్ళ అమ్మాయి, సూటిగా అడిగింది. "నేను చెప్పినట్టు చేయడానికి మీకు ఇబ్బంది ఉంటుందా?" అని. "అయ్యో, నాకలాంటివేం లేవమ్మా, నువ్వు మా అమ్మాయిలాంటిదానివి" అన్నాను. ప్రేమగానే అన్నాను. ఆమె ముఖంలో ఏదో మూసుకుపోయింది. ఇంటికొచ్చి మా అమ్మాయికి చెబితే, తను నవ్వలేదు. "నాన్నా, రేపు నా ఆఫీసులో ఎవరన్నా పెద్దాయన నన్ను అలా అంటే, ఆయనకి పని ఎలా చెప్పను? చేసింది తప్పని ఎలా చెప్పను?" అంది. నిజమే. వాళ్ళు నన్ను పెద్దరికం పీట మీద కూర్చోబెడుతున్నారని బాధపడుతున్నాను, నేనే ఆ పీట ఇంటి నుంచి మోసుకుని వెళుతున్నాను. "బాబూ", "అమ్మా", "మా రోజుల్లో" అనుకుంటూ. ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళినా ఎంత చిన్నవాళ్ళయినా సార్ అనే, మేడమ్ అనే పిలిచాను. అంకుల్ అని పిలిస్తే, పేరు పెట్టి పిలవండి ఫరవాలేదు అని చెప్పాను. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, నాకు వచ్చిన పని ఈ మార్పు తర్వాతే వచ్చింది.

దరఖాస్తు ఎలా రాశానంటారా? నాలుగు పేజీలది ఒకటిన్నర చేశాను. 1996లో ఏం చేశానన్నది తీసేశాను. జీతం సంగతి వాళ్ళు అడక్కముందే చెప్పడం మొదలుపెట్టాను, ఎందుకంటే చాలామంది మన పాత జీతం ఊహించుకుని భయపడి పిలవనే పిలవరు. వయసు మాత్రం దాచలేదు. జుట్టుకి రంగు వేసుకోమని స్నేహితులు చెప్పారు. వేసుకునేవాళ్ళని నేను తప్పుపట్టను. నాకు అవసరం అనిపించలేదు, అంతే.

ఇక నేర్చుకోవడం. టాలీ నా చేతిలో పని. ఎక్సెల్‌లో మాత్రం కూడికలు, తీసివేతలు దాటి వెళ్ళలేదు. మా అమ్మాయి మూడు వారాలు రాత్రిపూట అన్నాల బల్ల దగ్గర కూర్చోబెట్టి పివట్ టేబుల్, లుకప్‌లు నేర్పింది. జులైలో ఈ-ఇన్వాయిస్ పోర్టల్ పట్టుకున్నాను. అది ఊరికే పట్టుకున్నది కాదు. ఆగస్టు 1 నుంచి టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారులందరూ సాటి వ్యాపారులకి ఇచ్చే బిల్లులకి ఈ-ఇన్వాయిస్ తీయాలన్న నియమం అప్పుడు రాబోతోంది. అంతకు ముందు అది పెద్ద కంపెనీల బెడద, ఇప్పుడు రాణిగంజ్, బేగంబజార్ షాపుల దాకా వచ్చింది. 50 దాటినవాళ్ళు కంప్యూటరు కోర్సు ఏదో ఒకటి చేసేయాలని అమీర్‌పేటకి పరుగెత్తడం చూస్తున్నాను. ముప్ఫై ఏళ్ళవాళ్ళతో పోటీ పడి వాళ్ళ పని నేర్చుకుంటే మనకి దొరికేది వాళ్ళ వెనక చోటు. మన పనిలోనే కొత్తగా వచ్చిన ముక్క నేర్చుకుంటే, పాతదీ కొత్తదీ రెండూ తెలిసినవాళ్ళు బజారులో తక్కువ.

అది ఎలాగో చెబుతాను. సెప్టెంబరు నెలాఖరులో మా అపార్టుమెంటు గ్రూపులో నా మెసేజీ చూసినాయన ఫోన్ చేశారు. వాళ్ళ బావమరిదికి రాణిగంజ్‌లో ఇనుము, పైపుల వ్యాపారం. జీఎస్‌టీ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. 2017-18 సంవత్సరానికి. ఆ ఏడాది లెక్కల మీద డిసెంబరు 31లోగా ఉత్తర్వులు ఇచ్చేయాలి కాబట్టి, సెప్టెంబరు గడిచేలోపు చాలామందికి అలాంటి నోటీసులు వెళ్ళాయి. కొన్న సరుకు మీద కట్టిన పన్నుకి ఆ బావమరిది తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌కీ, పోర్టల్‌లో కనిపిస్తున్న దానికీ లక్షల్లో తేడా ఉంది. షాపులో అకౌంటెంటు కుర్రవాడు చురుకైనవాడే, కానీ 2017లో అతను ఇంటర్ చదువుతున్నాడు.

2017 జులై 1 ఎలా ఉండేదో నాకు తెలుసు. అంతకు ముందు 2005 ఏప్రిల్ 1న వ్యాట్ వచ్చినప్పుడు ఎలా ఉండేదో కూడా తెలుసు. అంతకన్నా ముందు 1957 నాటి అమ్మకపు పన్ను చట్టం నడిచిన రోజులూ, సి-ఫారాల కోసం ఊరూరూ తిరిగిన రోజులూ తెలుసు. జీఎస్‌టీ వచ్చిన మొదటి ఏడాది అమ్మినవాళ్ళలో చాలామంది తమ రిటర్నుల్లో కొన్నవాళ్ళ నంబరు తప్పు వేశారు, లేదా మామూలు గిరాకీకి అమ్మినట్టు చూపించారు. పన్ను కట్టారు, కానీ అది ఈ షాపు పేరు మీద కనిపించదు. ఇలాంటి తేడాలకి, అమ్మినవారు ఒక్కొక్కరి దగ్గర 5 లక్షలు మించకపోతే, వాళ్ళ దగ్గర్నుంచి సర్టిఫికెట్ తెచ్చిస్తే చాలని 2022 డిసెంబరులో సర్క్యులర్ వచ్చింది. బిల్లుల పెట్టెలు అటక మీద నుంచి దింపించాను. తొమ్మిది మంది సప్లయర్లు తేలారు. అందులో ఆరుగురి అకౌంటెంట్లు నాకు పాతికేళ్ళుగా తెలిసినవాళ్ళే. ఒకరు కంపెనీ మూసేశారు, ఆయన్ని జీడిమెట్లలో ఇంటికి వెళ్ళి పట్టుకున్నాను. రెండు నెలల్లో తొమ్మిది సర్టిఫికెట్లూ ఫైల్లో పెట్టి ఇచ్చాం. సేటు నన్ను వయసు అడగలేదు. అడిగింది ఒకటే, "వారంలో ఎన్ని రోజులు రాగలరు?" అని.

ఇప్పుడు నాలుగు షాపులకి లెక్కలు చూస్తున్నాను. ఆ కుర్రవాడు నాకు పోర్టల్‌లో కొత్త తిరకాసులు చెబుతాడు, నేను అతనికి పాత లెడ్జరు చదవడం చెబుతాను. పాత జీతంలో ముప్పాతిక వంతు వస్తోంది. పీఎఫ్ లేదు, కంపెనీ ఇన్సూరెన్సు లేదు. పండుగ బోనసు షాపువాళ్ళ దయ. అంతా బాగుందని చెప్పడానికి నేను ఇక్కడికి రాలేదు.

ఆ డబ్బు సంగతే రెండు ముక్కలు. ఉద్యోగం పోయిన రోజే కంపెనీ ఆరోగ్య బీమా కూడా పోతుంది. అదే బీమా కంపెనీలో గ్రూపు పాలసీ నుంచి సొంత పాలసీకి మారే వీలు ఉంటుంది, ఆఖరి రోజుకి ముందే అడగండి. నేను ఆలస్యం చేశాను, ఆ మధ్యలో మా ఆవిడకి ఆపరేషన్ వచ్చింది. పదేళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళకి పీఎఫ్ పెన్షన్ 58కి వస్తుంది. 50 దాటితే ముందే తీసుకోవచ్చు గానీ, ముందుకి జరిగిన ప్రతి ఏడాదికీ నూటికి నాలుగు వంతుల చొప్పున జీవితాంతం తగ్గుతుంది. కంగారులో ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. రిజిస్ట్రేషన్ ఫీజు కడితే ఉద్యోగం గ్యారంటీ అనే ఫోన్లు మన వయసువాళ్ళకే ఎక్కువ వస్తాయి, మన ఆత్రం వాళ్ళకి తెలుసు. నేను 4,500 పోగొట్టుకున్నాను. పని ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు తీసుకోడు. 60 దాటినవాళ్ళు పని వెతుక్కోవడానికి కేంద్ర ప్రభుత్వం 2021 అక్టోబరు 1న సేక్రెడ్ అనే పోర్టల్ పెట్టింది. వృద్ధుల సహాయానికి 14567 నంబరు ఉంది.

ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలో ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్ళు ఉంటారు. నాన్నో, అన్నయ్యో, అత్తో. ప్రేమతోనే అంటారు, "ఇంకెందుకు, ఇంట్లో ఉండు" అని. మీరు అనే ఆ మాట, లిఫ్టు దగ్గర ఆ అబ్బాయి నాతో అన్న మాట, రెండూ ఒకటే. అనకండి. "ఇవాళ ఎవరికి ఫోన్ చేశావు?" అని అడగండి.

షాపు నడిపేవాళ్ళకి, చిన్న ఫ్యాక్టరీ నడిపేవాళ్ళకి, బడి నడిపేవాళ్ళకి నా మనవి ఒక్కటి. ఈ వారం మీ గుమ్మం ముందు "కావలెను" బోర్డు పెట్టబోతుంటే, అందులో "వయసు 35 లోపు" అన్న ముక్క చెరిపేసి, ఆ జాగాలో పని ఏమిటో రాయండి. వచ్చినవాళ్ళని ఆ పని అడగండి. తెల్లజుట్టు మనిషి లోపలికి వస్తే మీరు లేవనక్కర్లేదు. కూర్చునే, ఒక గంట పని ఇచ్చి చూడండి.